బానెట్ మీద దుప్పటి

జనవరి 3, నెల్లితోపు, పాండిచ్చేరి

కొత్త నోటుబుక్కు. పాతది అమ్మకి దొరికింది. తమిళంలో రాశాను కాబట్టి మొత్తం చదివేసింది. కాలేజీ ఎందుకు మానేశానో, స్టూడియోలో త్యాగరాజన్ సార్ మీద నాకెంత కోపమో, అన్నీ. ఇకనుంచి తెలుగు అక్షరాల్లోనే రాస్తాను. ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే కానీ చదవడం ఎవరికీ రాదు. పొన్నమ్మాళ్ అవ్వ నాకొక్కడికే నేర్పి పోయింది. ఇది తాళం అక్కర్లేని పెట్టె.

ఇందులో అబద్ధం రాయను. అదొక్కటే నియమం.

జనవరి 5

పొద్దున మార్కెట్ పక్క వ్యాన్ స్టాండులో కరపత్రాలు పంచాను. ఒక ఆయిల్ కంపెనీ ఒక నదిని ఎలా చంపిందో అందులో ఉంది. నాలుగు పేజీలు. నేను పదిసార్లు చదివాను. టీ తాగుతున్న డ్రైవర్లకి నిలబడి చదివి వినిపించాను.

తమిళ్‌సెల్వన్ అన్న ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. "ఏమప్పా ఎళిలరసా, ఇయ్యాల ఏ కంపెనీని మూసేస్తా ఉండావు? మధ్యాన్నం లోపల మూసేయి, నాకు సవారీ ఉంది."

అందరూ నవ్వారు. మునియన్ మామ ఒక్కడు నవ్వలేదు. "చదవనీ రా వాణ్ణి. గట్టిగా చదువు అరసూ, వెనకోళ్ళకి వినపళ్ళేదు."

మునియన్ మామ మా స్టూడియో వ్యాను డ్రైవరు. సార్ దగ్గర ఇరవై రెండేళ్ళు. స్టీరింగ్ పట్టుకుని ముప్పై. మురుంగపాక్కంలో ఉంటాడు. అక్షరం రాదు. నేను చదివేది ఆ స్టాండులో నిజంగా వినేది ఆయనొక్కడే.

కరపత్రంలో ఆఖరి మాట: "తెలిసి ఊరుకున్నవాడు సగం నేరస్థుడు." దాన్ని రెండుసార్లు చదివాను.

జనవరి 11

రేపు బయలుదేరుతున్నాం. సార్, మామ, నేను. సార్‌కి పెళ్ళి ఫోటోలు తిండి పెట్టాయి కానీ ఆయన కలవరించేది మంచు చిరుత. రెండు శీతాకాలాలు పోయి ఉత్త చేతులతో వచ్చారు. అద్దె కార్లవాళ్ళు తొందరపెట్టారట. అందుకే ఈసారి సొంత వ్యాను, పాండిచ్చేరి నుంచి హిమాలయం దాకా. ఆయనకి యాభై ఎనిమిది. ఎడమ కంట్లో పొర మొదలైందని ఆర్తి అక్క, అంటే సార్ కూతురు, నాకు చాటుగా చెప్పింది.

నేను లెన్సులు మోస్తాను, బ్యాటరీలు చూస్తాను. జంతువుల్ని చూస్తాను. మనుషుల కన్నా అవి మేలు.

అమ్మ అవ్వ దుప్పటి ఇచ్చింది.

జనవరి 15, దారిలో

మైదానం అయిపోవడం లేదు. సార్ వెనక సీట్లో నిద్ర. మామ రోజుకి పన్నెండు గంటలు తోలుతున్నాడు. ఇది చట్టవిరుద్ధం అని సార్‌కి చెప్పాను. సార్ ఏమీ అనేలోపే మామ అందుకున్నాడు. "నా గంటలు నేను లెక్క పెట్టుకుంటా గానీ, నువ్వు ఆ వేరుశెనక్కాయలు ఒలిచి నోట్లో పెట్టు."

జనవరి 18, రాంపూర్

సిమ్లా నుంచి మామకి జ్వరం. చలి ఆయనకి కొత్త. నాకూ కొత్తే.

టీ కొట్టులో ఒక లారీ డ్రైవరు మా బండి నంబరు చూసి, బానెట్ తట్టి అడిగాడు, రేడియేటర్‌లో ఏముంది అని. మామ నీళ్ళే అన్నాడు. మన ఊర్లో ఇలాంటి పాత బండికి ఎవరు మాత్రం వేరేది పోస్తారు? ఆ లారీ మనిషి నవ్వలేదు. పైకి పోతే నీళ్ళు రాయి అవుతాయి, ఇంజను పగులుతుంది, గడ్డ కట్టని పచ్చ మందు, కూలెంట్, పోసుకోకుండా ఇక్కడినుంచి కదలకండి అన్నాడు.

మామ వణుకుతూనే నాకు చెప్పాడు. "కింద కొళాయి తిప్పి నీళ్ళంతా వదిలేయి. ఒక్క చుక్క ఉండకూడదు. ఆ తర్వాత ఆ పచ్చది పొయ్యి. నిండా. నాకు లేచే ఓపిక లేదు రా. నీ మీద వదిలినా."

వెళ్ళాను. పెద్ద అంగడి. గోడంతా డబ్బాలు. అన్నీ ఆ కంపెనీవే. నదిని చంపిన కంపెనీ. అదే గుర్తు, అదే పసుపు సూర్యుడు. వేరేది లేదా అని అడిగాను. లేదన్నాడు. ఈ కంపెనీ ఏం చేసిందో నీకు తెలుసా అని నాకొచ్చిన హిందీలో మొదలుపెట్టాను. అతను చివరిదాకా విని, "బాబూ, నీ నది నీ ఊర్లో ఉంది. నా అంగడి నా ఊర్లో ఉంది. కావాలా వద్దా?" అన్నాడు. డబ్బా బల్లమీద కొట్టినట్టు పెట్టి వచ్చేశాను. మిగతా రెండు అంగళ్ళూ మూసేశారు.

లాడ్జికి వచ్చేసరికి మామ రజాయి లోపలినుంచే అడిగాడు.

"పోసినావా?"

"ఆఁ."

"నీళ్ళంతా వదిలినావా?"

"ఆఁ మామా."

రేపు ఇంకో పెద్ద ఊరు వస్తుంది. అక్కడ వేరే కంపెనీది కొని పోసేస్తాను. అప్పుడు ఇవాళ నేను చెప్పింది అబద్ధం కాదు. ఒక రోజు ముందుగా చెప్పిన నిజం, అంతే.

జనవరి 19, పియో

మంచు పడింది. జీవితంలో మొదటిసారి చూశాను. దాని గురించి రాయాలని కూర్చున్నాను, కానీ బజారంతా మూసి ఉంది.

సాయంత్రం అవ్వ దుప్పటి తీసుకెళ్ళి బానెట్ మీద కప్పి తాడుతో కట్టాను. మామకి జ్వరం తగ్గింది, బయటికొచ్చి చూశాడు. "పరవాలేదే. బండి మీద ఇంత ప్రేమ యాడినించి వచ్చింది రా నీకు?"

నా మెడ మీద చెయ్యేసి నొక్కాడు.

జనవరి 20, కాజా

పొద్దున బండి ఒక్కసారికే స్టార్ట్ అయింది. అంటే దుప్పటి పనిచేస్తుంది.

రోజంతా కొండ అంచున ప్రయాణం. కింద నది, దాని మీద ఐసు పలకలు. చెట్టు లేదు, గడ్డి లేదు. కొండలు తోలు ఒలిచినట్టున్నాయి. సార్ మాట్లాడటం మానేశారు, అద్దానికి ముఖం ఆనించి చూస్తూనే ఉన్నారు. ఆ ముఖం చూస్తే ఆయన మీద కోపం రాలేదు.

బస గోడ పక్కనే షెడ్డు. గోడకి అవతల వంటగది పొయ్యి. బండి అందులో పెట్టించాను. పట్టుబట్టి పెట్టించాను.

జనవరి 21

మామకి చేతి తొడుగులు కొనడానికి బజారుకి వెళ్ళాం, ఇద్దరం. అంగడి బయట బల్ల మీద కూలెంట్ డబ్బాలు. ఎనిమిది. వేరే కంపెనీవి.

వేరే కంపెనీవే.

మామ నా పక్కనే నిలబడి తొడుగుల్లో వేళ్ళు దూర్చి చూసుకుంటున్నాడు. ఇప్పుడు కొంటే ఎందుకని అడుగుతాడు. మొన్న పోసింది ఏమైందని అడుగుతాడు.

"ఏంది చూస్తా ఉండావు?"

"ఏం లేదు మామా."

రేపు ఒక్కడినే వస్తాను.

జనవరి 22

తెల్లారకముందే పైకి వెళ్ళాం. దిగేసరికి అంగడి మూసేశారు. ఇక్కడ నాలుగింటికే మూసేస్తారు.

జనవరి 23

అదే.

జనవరి 24

మేం రోజూ వెళ్ళే ఊరి పేరు ఇక్కడ కూడా రాయను. జంతువు దొరికే చోటు పేరు ఎక్కడా పెట్టకూడదు, పెడితే మరుసటి ఏడాదికి అక్కడ వంద కార్లుంటాయి. సార్ నియమాల్లో నాకు నచ్చింది ఇదొక్కటి.

అక్కడ మాకు జాడ చూసిపెట్టేవాడు ఛేరింగ్. నలభై ఏళ్ళుంటాయి. దుర్భిణి దగ్గర ఐదు గంటలు కదలకుండా కూర్చుంటాడు. నీలి గొర్రెలు చూశాం, ఒక ఎర్ర నక్క. చిరుత లేదు. పాత అడుగులు మాత్రం ఉన్నాయి, నా అరచెయ్యి అంతేసి.

కెమెరా బ్యాటరీలు చంకలో పెట్టుకుంటాను, లేకపోతే చలికి చచ్చిపోతాయి. గంటకోసారి వ్యాను స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచుతున్నాను. చేతులు వెచ్చబెట్టుకోవడానికని మామకి చెప్పాను.

ఇంతవరకు ఏమీ కాలేదు. ఆ లారీ డ్రైవరు ఊరికే భయపెట్టాడేమో. అంగడివాడికీ అతనికీ ఏదో ఒప్పందం ఉండొచ్చు. అలాంటివి నేను చదివాను.

జనవరి 25

ఇవాళ గొడవ. వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను గెలిచాను.

మధ్యాహ్నం సార్ నన్ను పక్కకి పిలిచి, ఛేరింగ్‌ని హిందీలో అడగమన్నారు: ఒక మేకని కొని అడుగులు కనిపించిన వాగు పక్కన కట్టొచ్చా అని. "ఒక్క మేకే అప్పా. ఎవురికీ తెలీదు. నాకు ఇంకొక చలికాలం వస్తుందో రాదో."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎర వేసి తీసిన ఫోటో ఫోటోయే కాదన్నాను. అది నాటకం అన్నాను. ఎదుటివాడు చూడలేదు కదా అని చేసే పని ఏదైనా దొంగతనమే అన్నాను. "మీరు దాన్ని గోడకి తగిలిస్తారు, కింద పేరు రాస్తారు. మేక సంగతి రాస్తారా సార్? కెమెరా అబద్ధం చెప్పకూడదు. మనిషి చెప్పకూడదు."

ఛేరింగ్‌కి భాష తెలియకపోయినా సంగతి అర్థమైంది. ఒకసారి కట్టేసిన మేక రుచి మరిగితే అది మా కొట్టాల్లోకి వస్తుంది, అప్పుడు ఊరివాళ్ళు దాన్ని బతకనివ్వరు అన్నాడు. మెల్లగా అన్నాడు.

సార్ "సరి. వొద్దు. మరిచిపో," అని లెన్సు తుడుచుకున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

దిగి వస్తుంటే మామ స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తూ అన్నాడు. "నిన్న మొన్న దాకా ఊరికే వాగుతాడనుకున్నా. నిజం చెప్పే నోరు రా నీది."

నిద్ర పట్టేలా లేదు.

జనవరి 27

ఛేరింగ్ తాజా అడుగులు చూశాడు. రేపు తెల్లారేసరికి చిరుత వాగు దాటుతుందంటున్నాడు. సార్ ఇవాళ కిందికి దిగొద్దు, పైనే ఉండిపోదాం అన్నారు.

ఇక్కడ షెడ్డు లేదు. ఛేరింగ్ ఇంటి ముందు ఉత్త బయలు.

దిగిపోదామని వాదించాను. మామకి విశ్రాంతి కావాలన్నాను. డ్రైవరుకి ఎనిమిది గంటల నిద్ర హక్కు అన్నాను. చట్టం సెక్షన్ చెప్పాను. ఆక్సిజన్ తక్కువన్నాను. మామ అడ్డం వచ్చాడు. "నాకేం కాలేదు రా. సార్‌ని ఉండనీ. మూడో ఏడు ఆయనకి."

"మామా, బండి..."

"బండికేంది? పోసినాం గదా."

ఆయన నా ముఖం చూశాడు. చూశాడనే అనుకుంటున్నాను. నేను దుప్పటి తేవడానికి వెళ్ళాను.

అవ్వ దుప్పటి, నా రజాయి, రెండూ బానెట్ మీద కట్టాను. ఛేరింగ్ దగ్గర గోనె సంచులు అడిగి అవీ వేశాను. ఇప్పుడు పొయ్యి పక్కన కోటుతోనే కూర్చుని రాస్తున్నాను. ఒక్క మాట చెబితే చాలు. కొళాయి తిప్పి నీళ్ళు వదిలేస్తే చాలు. ఛేరింగ్ రోజూ తన జీపుకి చేసేది అదే, ఇవాళే చూశాను. మామ ఎదురుగా ఉన్నాడు. రొట్టె తింటున్నాడు.

ఇన్ని రోజులు ఏమీ కాలేదు.

జనవరి 28

దుప్పటి అట్టలా బిగుసుకుపోయింది. మడిస్తే విరిగేలా ఉంది.

బండి మాత్రం స్టార్ట్ అయింది. కాస్త దగ్గింది, అందుకుంది. నాకు ఏడుపొచ్చినంత పని అయింది. అప్పుడే ఛేరింగ్ పరుగున వచ్చాడు. వాగు మలుపు అవతల చిరుత ఒక నీలి గొర్రెని పడేసింది, తింటోంది, రెండు కిలోమీటర్లు, తొందరగా అన్నాడు. నేను కెమెరాలు ఎక్కించాను.

ఒక కిలోమీటరు కూడా పోలేదు. లోపల గడ్డ కట్టి నీళ్ళు తిరగడం లేదు, వేడి ముల్లు ఎర్రగీత దాటింది. మామ చూసి బ్రేకు వేసేలోపే లోపల చప్పుడు. కొబ్బరికాయ కొట్టినట్టు, ఒక్కటే. ఇంజను ఆగిపోయింది.

సార్ పెద్ద కెమెరా తీసుకుని ఛేరింగ్ వెనక నడక మొదలుపెట్టారు, ఆ ఎత్తులో, ఆ వయసులో. పది అడుగులకోసారి ఆగుతూ.

మామ బానెట్ ఎత్తాడు. ఇంజను పక్కన వేలెడు పొడుగు పగులు. అందులోనుంచి ఐసు బయటికి పొడుచుకొచ్చింది. మామ ఆ ఐసు ముక్క విరిచాడు. తొడుగు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. వెలుతురుకి ఎత్తి చూశాడు.

తెల్లగా ఉంది. అద్దం లాగా, పచ్చ చాయే లేదు.

అప్పుడు నన్ను చూశాడు. ఏమీ అడగలేదు. అడుగుతాడని నిలబడ్డాను. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి.

పైన రాళ్ళు దొర్లాయి. ఇద్దరం తల ఎత్తాం. మా పైన వాలులో, అరవై అడుగుల దూరంలో చిరుత. మూతి మీద ఇంకా నెత్తురు. తొందరేమీ లేదు దానికి. తోక దాదాపు దాని ఒంటంత పొడుగు. కొండ రంగే కదిలి వస్తున్నట్టు వచ్చింది, ఆగింది, మా ఇద్దర్నీ చూసింది.

"తియ్యి రా," అన్నాడు మామ. గాలిలాంటి గొంతుతో. "తియ్యి."

పద్నాలుగు ఫ్రేములు తీశాను.

రెండు గంటల తర్వాత సార్ వచ్చారు. అక్కడ గొర్రె ఎముకలు, రాబందులు తప్ప ఏమీ లేవట. బండి దగ్గర నేలమీద కూర్చున్నారు. కాసేపటికి అడిగారు, "ఏం పోసినారు లోపల?"

మామ చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "నీళ్ళు సార్."

"ఎవురు చూసుకోవాల అది?"

"బండి నా చేతిలో ఉంది. మూత తీసి చూసుకోవాల్సింది నేను. ఎవురు పోసినా, పోయకపోయినా."

ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాశాను.

జనవరి 29, కాజా

ట్రక్కుతో లాగించుకొచ్చాం. మెకానిక్ అన్నాడు, ఇంజను బ్లాకు పోయింది, కింది ఊర్లనుంచి తెప్పించాలి, దారి సరిగ్గా తెరుచుకునే దాకా కాదు. మార్చి అవుతుంది.

సార్ అందరి ముందూ మామని అన్నారు. "ముప్పై ఏండ్లు. నీళ్ళకీ మందుకీ తేడా తెలీని మనిషినా నేను నమ్మింది? మూడు చలికాలాలు, మునియా." మామ తల వంచుకుని నిలబడ్డాడు.

నిజానికి డ్రైవరు ఒక్కసారి మూత తీసి చూసుకుని ఉంటే ఇది జరిగేది కాదు. ఆయనే ఒప్పుకున్నాడు. నేను డ్రైవర్ని కాదు.

జనవరి 30

నేను డ్రైవర్ని కాదు.

ఫిబ్రవరి 3, రైల్లో

సార్ వేరే పెట్టెలో. నేనూ మామా ఎదురెదురుగా. నిమ్మకాయ అన్నం పొట్లం కొని సగం నాకు పెట్టాడు. తిన్నాను.

"అంత దీక్షగా ఏంది రాసేది?"

"చూసిన పక్షుల పేర్లు మామా."

"నా పేరు ఉందా అందులో?"

"లేదు."

కిటికీ వైపు తిరిగాడు.

ఫిబ్రవరి 8, నెల్లితోపు

మామని రావొద్దని సార్ చెప్పేశారు. బండి ఎలాగూ లేదు, వచ్చాక వేరే మనిషిని పెట్టుకుంటా అన్నారట.

నా ఫోటో చూసి సార్ కుర్చీలోంచి లేచారు. నిలబడి చూశారు. మంచి కన్ను దగ్గరగా పెట్టి చూశారు. "నేను తీయలేదు. సరే, నా స్టూడియో తీసింది," అన్నారు. ఆయన అసూయ పడతారనుకున్నాను. పడలేదు. అదే కష్టంగా ఉంది.

మొదటి ఫ్రేమే అన్నిటికంటే బాగుంది. కానీ ఎడమ మూలలో మామ భుజం, ఎత్తిన బానెట్. సార్ ఆ మూల కత్తిరించారు. నాలుగడుగుల ప్రింటు, గోడ మీద. కింద చీటీ: M. ఎళిలరసన్.

ఇకనుంచి నేను అసిస్టెంటు కాదు, ఫోటోగ్రాఫర్ని అన్నారు. అమ్మ పాయసం చేసింది.

ఫిబ్రవరి 15

కొత్త కరపత్రం: డ్రైవర్ల హక్కులు. స్టాండుకి తీసుకెళ్ళాను. చదవబోయేలోపే తమిళ్‌సెల్వన్ అన్న, "అన్నీ విన్నాంలే అప్పా. మీ ఐస్ బండి మునియన్ ఎట్లా ఉండాడు?"

అదే ఇప్పుడు ఆయన పేరు. ఐస్ బండి మునియన్. కొత్తగా వచ్చినవాళ్ళకి కథ చెబుతున్నారు. మంచు కొండకి నీళ్ళు పోసుకుని పోయిన డ్రైవరు, అని. అందరూ నవ్వుతారు. ఆయన్ని ఏ ఓనరూ పిలవడం లేదట.

ఫిబ్రవరి 16

కరపత్రాలు మంచం కింద ఉన్నాయి.

ఫిబ్రవరి 22

సోలై నగర్‌లో ఒక పెళ్ళివాళ్ళని కలవడానికి వెళ్ళాను. చేపల పడవలు వచ్చే చోట మామ. లుంగీ ఎగ్గట్టి, మొద్దుతో ఐసు దిమ్మలు పగలగొట్టి చేపల పెట్టెల్లో పరుస్తున్నాడు. పక్కన ఇద్దరు కుర్రాళ్ళు ఏదో అని నవ్వారు. ఆయన తల ఎత్తలేదు.

నన్ను చూశాడో లేదో తెలియదు. నా బైకు తిప్పుకుని వచ్చేశాను. పెళ్ళివాళ్ళని కలవలేదు.

ఫిబ్రవరి 23

జనవరి నుంచి అన్నీ మళ్ళీ చదివాను. ఇందులో ఒక్క అబద్ధం కూడా రాయలేదు. అయినా మొత్తం అబద్ధంలాగే ఉంది. అందుకని తిన్నగా రాస్తున్నాను.

రాంపూర్‌లో నేను కొనలేదు. కంపెనీ వల్ల కాదు. కంపెనీ వల్ల అంగట్లోంచి బయటికొచ్చాను, అంతే. మామతో "ఆఁ" అన్నది కంపెనీ వల్ల కాదు. పని చేయకుండా వచ్చానని ఒప్పుకోవడం నామోషీ అయి అన్నాను. కాజాలో వేరే కంపెనీ డబ్బాలు ఎనిమిది చూశాను. అడిగితే చెప్పాల్సి వస్తుందని కొనలేదు. పైన ఆ సాయంత్రం కొళాయి తిప్పితే సరిపోయేది. తెలుసు. తెలిసి దుప్పటి కప్పాను.

దుప్పటి బండికి కాదు.

మార్చి 2, మురుంగపాక్కం వెళ్ళి వచ్చాక

సాయంత్రం నాలుగింటికి వెళ్ళాను, నోటుబుక్కు చంకలో పెట్టుకుని. అంగమ్మాళ్ అత్త, అంటే మామ భార్య, వాకిట్లో బియ్యం చెరుగుతోంది. కూర్చోమనలేదు.

"ఫోటో పెద్దదంట గదా, గోడంత," అంది. "నేను రేషన్ అంగడికి పోతే అడుగుతా ఉండారు. మీ ఇంటాయనకి నీళ్ళకీ మందుకీ తేడా తెలీదా అని. ముప్పై ఏండ్లు తోలినాడు. ఒక కుక్కని కూడా గుద్దలేదు."

మామ లోపలినుంచి వచ్చాడు. చేతుల నిండా ఐసు కోసిన గాట్లు. "రా. ఏంది, పక్షుల పుస్తకమా?"

"చదువుతాను మామా. వింటావా?"

జనవరి మూడు నుంచి మొదలుపెట్టాను. అంతా చదివాను. రాంపూర్ వచ్చినప్పుడు అత్త చేట ఆగిపోయింది. కాజా వచ్చినప్పుడు మామ కళ్ళు మూసుకున్నాడు. నిమ్మకాయ అన్నం దగ్గర ఆగాను. నీళ్ళిస్తారని చూశాను, ఎవరూ లేవలేదు. మళ్ళీ చదివాను. చివరి పేజీ దాకా చదివాను.

మామ కళ్ళు తెరిచి అన్నాడు. "కాజాలో ఆ డబ్బాలు నేనూ చూసినా. నువ్వు మొగం తిప్పుకున్నావు. అప్పుడే నాకు ఎక్కడో తట్టింది. మూత తీసి చూద్దామనుకున్నా. చూస్తే నీ మాట నమ్మనట్టు అవుతుంది గదా అని మానేసినా."

"నాది తప్పు మామా."

"అది నాకు కొండమీదే తెలుసు. ఐసు తెల్లంగా ఉన్నింది." తన చేతుల గాట్లు చూసుకున్నాడు. "నాకు చదివితే ఏం లాభం రా? నాకు తెలిసిందే మళ్ళా నాకు చెప్పినావు. తెలీనోళ్ళు స్టాండులో ఉండారు."

నేను నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకున్నాను.

"కంపెనీలోళ్ళ మీద లేచి నిలబడి చదివినావు గదా, నెలకొకసారి. ఇదీ ఆడనే చదువు. సార్‌ని నేను పిలిపిస్తా."

అత్త చేట మళ్ళీ మొదలైంది. లేచి వస్తుంటే వెనకనుంచి అంది, "ఏడున్నరకి పో. అప్పుడైతే అందరూ ఉంటారు."

మార్చి 4

ఏడున్నరకి వెళ్ళాను. అందరూ ఉన్నారు. సార్ కూడా వచ్చారు, తెల్ల చొక్కాతో, టీ కొట్టు పక్కన కుర్చీలో. మామ ఎప్పుడూ కూర్చునే చోట, బల్ల చివర.

తెలుగులో చదువుతూ తెలుగు రానివాళ్ళకి తమిళంలో చెప్పాను. రాంపూర్, కాజా, ఆ సాయంత్రం, తెల్ల ఐసు. మేక గొడవ రోజు నేను సార్‌తో అన్న మాటలు కూడా, ఒక్కటీ వదలకుండా. తమిళ్‌సెల్వన్ అన్న మొదట ఏదో అనబోయాడు. తర్వాత గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. టీ చల్లారిపోయింది.

ముగించి నోటుబుక్కు మూశాను.

మామ అన్నాడు, "వెనకోళ్ళకి వినపళ్ళేదు. మళ్ళా చదువు."

మళ్ళీ చదివాను. మొదటినుంచి. గట్టిగా.

అయ్యాక సార్ లేచి మామ దగ్గరికి వెళ్ళారు. క్షమించమని అనలేదు, ఆయనకి ఆ మాట రాదు. "బండి పదో తేదీకి సిద్ధం అవుతుందంట, మునియా. ఎవురైనా పోయి తేవాల," అన్నారు.

"నేను పోతా సార్."

"నేనూ వస్తాను మామా," అన్నాను.

"నువ్వొద్దు."

నాతో సార్ ఒక్క మాటే అన్నారు. రేపటినుంచి రావొద్దని. మధ్యాహ్నం స్టూడియో ముందునుంచి వెళ్ళాను. గోడ మీద ఫోటో ఉంది. కింద చీటీ లేదు.

మార్చి 6

మామ ఇవాళ రైలెక్కాడు. కాజాలో ఇంకా చలేనట, రాత్రిళ్ళు నీళ్ళు గడ్డ కడుతున్నాయట.

నిన్న ఊరంతా తిరిగాను. పాండిచ్చేరిలో మంచుకి తట్టుకునే కూలెంట్ అడిగితే అంగడివాళ్ళు నవ్వుతారు. ఒక్కచోట దొరికింది. పసుపు సూర్యుడి గుర్తు. ఆ కంపెనీదే. కొన్నాను.

స్టేషన్‌కి పట్టుకెళ్ళి ఇచ్చాను. మామ తీసుకున్నాడు. డబ్బా బరువు చూశాడు. మూత తీశాడు. అరచేతిలో కాస్త పోసుకుని వెలుతురుకి పట్టి చూశాడు.

పచ్చగానే ఉంది. లుంగీకి చెయ్యి తుడుచుకుని, మూత బిగించి, సంచిలో పెట్టుకున్నాడు.